కంకిపాడు గతుకులు

మా మామగారి లాండ్‌మాస్టరు కారులో ఉయ్యూరు నుంచి బెజవాడ వెళ్ళినవాళ్ళు రెండోసారి బస్సెక్కేవారు. నాకు మాత్రం లోకంలో ఆ వెనక సీటంత మంచి చోటు లేదు.

పెళ్ళయి మూడు నెలలు. మా ఆయన డోర్నకల్ అవతల అడవిలో ఒక చిన్న స్టేషనుకి అసిస్టెంటు స్టేషన్ మాస్టరు. పేరు భానుమూర్తి. నోటితో పలకటం ఇంకా అలవాటు కాలేదు గాని, నా బి.ఏ. నోట్సుల చివరి పేజీలన్నీ ఆ పేరుతో నింపేశాను. ఆయనకి వారానికి ఒక్కరోజు రెస్టు. పొద్దున రైలు దిగి సాయంత్రం రైలెక్కాలి. ఆ పగలంతా అత్తయ్య వడ్డించే పళ్ళెం ముందో, డాక్టరైన మామగారి దగ్గర మందుకొచ్చి పలకరించేవాళ్ళ మధ్యో ఉంటారు. నేను తలుపు చాటునుంచి ఆయన చేతి గడియారం చూస్తూ ఉంటాను. మిగతా ఆరు రోజులూ ఆ గడియారం కూడా ఉండదు.

స్టేషనుకి మామగారే కారు నడిపేవారు. ముందు సీట్లో రెండోవైపు స్ప్రింగు బయటికి పొడుచుకొచ్చింది కాబట్టి మేమిద్దరం వెనకే. చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు బళ్ళు ఆ రోడ్డు మీద తారన్నది మిగల్చలేదు. కుదుపు ఆపాల్సిన కారు కమాన్ కట్టలు ఏనాడో చచ్చుబడ్డాయి. ఒక్క గుంటకి రెండుసార్లు ఎగిరేవాళ్ళం. కంకిపాడు దాటాక రెండు మైళ్ళు మరీ ఘోరం. తలుపులు, అద్దాలు, డిక్కీలో జాకీ అన్నీ కలిసి మోగేవి. మామగారికి తన హారనే వినపడేది కాదు.

మేం మాట్లాడుకునేది ఆ రెండు మైళ్ళే.

"తల కొట్టుకుందా?"

"మీ భుజానికేగా. ఇంకో గుంట రానివ్వండి."

తిరుగు ప్రయాణంలో ఆ రెండు మైళ్ళలోనే ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చేదాన్ని. అదీ ఎవరికీ వినపడేది కాదు.

ఒక వారం ఆ మోతలోనే ఆయన నా చెవి దగ్గరకి వంగారు. "క్వార్టర్సు ఖాళీ అయింది. కరెంటు లేదు. చీకటి పడితే నక్కలు తప్ప పలకరించేవాళ్ళుండరు. వస్తావా?"

నోరు తెరిచేలోగా మంచి రోడ్డు వచ్చేసింది. మోత ఆగింది, నా నోరూ మూతపడింది. ఏడాది నిండేదాకా కోడలు నా దగ్గరే అని అత్తయ్య ఊరంతా చెప్పుకుంది మరి.

"వచ్చేవారం చెప్పు," అన్నారాయన దిగేటప్పుడు, పెదవులు కదిలీ కదలకుండా. "క్వార్టర్సు అంతవరకే ఆపుతారు. మర్నాడు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

వారమంతా జవాబు తయారుచేసుకున్నాను. 'నక్కల్ని నేను పలకరిస్తాలెండి' అనాలి. పప్పు రుబ్బుతూ అదే తల్చుకుని నవ్వుకుంటుంటే అత్తయ్య వింతగా చూసింది.

ఆయన మళ్ళీ వచ్చిన రోజు సాయంత్రం మామగారు కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. "ఎక్కమ్మా! మెకానిక్ బాలశౌరి చేత కమాన్లు కొత్తవి వేయించాను. షాకబ్జార్బర్లు కూడా. స్టేషను నుంచి వచ్చినప్పుడల్లా కళ్ళు వాచి దిగుతున్నావు. పిల్లని ఆ కుదుపుల్లో చంపేస్తారా అని మీ అత్తయ్య నా ప్రాణం తీసింది."

కారు పడవలా కదిలింది. కంకిపాడు దాటింది. గుంటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మా దాకా ఒక్కటీ రావటంలేదు. ఆయన గడియారం టిక్కు టిక్కు కూడా వినిపిస్తోంది.

ఆయన నావైపు చూసి, "ఊఁ?" అన్నారు గొంతులోనే.

"ఏంట్రా?" అన్నారు మామగారు ముందునుంచి.

"ఏం లేదు నాన్నా."

నేను గాజులు చప్పుడు కాకుండా చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను.

ప్లాట్‌ఫారం మీద మా ఇద్దరి మధ్యా ఆవకాయ జాడీ పట్టుకుని మామగారు. రైలు కదలబోతుంటే ఆయన తలుపు దగ్గర నిలబడి కనుబొమలెత్తారు. మామగారు నన్నే చూస్తున్నారు. నేను తల దించుకున్నాను.

"పోన్లే రమా. ఇక్కడే హాయిగా ఉండు," అన్నారాయన నవ్వుతూ. తలెత్తేసరికి రైలు కదిలిపోయింది.

పటమట దాటేదాకా ఆపుకున్నాను. తర్వాత ఒకే ఒక్క ఎక్కిలి. ఆ కారులో అదెంత పెద్దగా వినిపించిందో!

మామగారు కారు పక్కకి ఆపారు. వెనక్కి తిరక్కుండానే అడిగారు. "కుదుపు లేదుగా తల్లీ. మరి దేనికి?"

చెప్పేశాను. క్వార్టర్సూ, గడువూ, నక్కలూ అన్నీ.

మామగారు స్టీరింగు తుడుస్తూ కూర్చున్నారు. "అయితే ఇన్నాళ్ళూ కళ్ళు వాచింది రోడ్డు వల్ల కాదన్నమాట."

"కాదండీ మామయ్యగారూ."

"డాక్టర్నే, నాకు తెలియలేదు చూడు," అని కారు వెనక్కి తిప్పారు. తంతి ఆఫీసులో ఫారం తెచ్చి నా చేతికిచ్చారు. వస్తున్నాను, క్వార్టర్సు వదలొద్దు అని ఇంగ్లీషులో నాలుగు మాటలు రాశాను. నక్కల సంగతి కూడా రాద్దామనిపించింది గాని, కౌంటరులో మనిషి పైకి చదువుతున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కంకిపాడు ముందు మామగారు కారుని రోడ్డు దించి, ఎవరూ వెళ్ళని కాలువ కట్ట మీదికి తిప్పారు.

"ఇటెందుకండీ?"

"ఆ రోడ్డు మీద మరీ నిశ్శబ్దంగా ఉందమ్మా."

కట్ట మీద ఎండిన బండిజాడలకి కొత్త కమాన్లు కూడా ఆగలేదు. తలుపులు, అద్దాలు, జాకీ మళ్ళీ మోగాయి. నేను నా మూల పట్టుకుని కూర్చున్నాను. ఎంత పొంగిపోవాలో అంత పొంగిపోతూనే ఉన్నాను, పక్కన ఖాళీగా ఉన్న చోటు చేత్తో తడుముతూ.

ముందు సీట్లో మామగారు జేబురుమాలు తీసి కళ్ళకి అద్దుకోవటం కనిపించింది. ఏమీ వినపడలేదు.