పూటకి రెండు మాత్రలు

నాకు కోపం ఎక్కువని ఎముకల వార్డంతా చెప్పుకునేవారు. ముప్పై మంచాలకి ఇద్దరు నర్సులం ఉంటే కోపం రాక నవ్వొస్తుందా? ఎనభై రెండు నాటి మాట ఇది. ఆ ఏడాది నా చేత అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు ఎల్లాజీ.

చేపల పడవని ఒడ్డుకి లాగుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కదల్లేడు కాబట్టి మూత్రానికి గొట్టం వేసి, మంచానికి బ్యాగు తగిలించాం. పక్క మంచం శ్రీరామ్మూర్తిది. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట పరంజా మీంచి పడ్డాడు. అతనికీ గొట్టమే. రోజూ పొద్దున్నే ఇద్దరి బ్యాగులూ జగ్గులోకి వంపి, కొలిచి, కాగితం మీద రాయడం నా పని.

నెల తిరిగేసరికి ఎల్లాజీకి జ్వరం పట్టుకుంది. అసలే షుగరు మనిషి. సూదులు మార్చి మార్చి పొడిచినా తగ్గలేదు. చివరికి ల్యాబువాళ్ళు మూత్రంలో ఫంగస్ ఉందన్నారు.

"అంటే ఏటమ్మా?" అంది అతని భార్య గంగాలమ్మ.

"బూజు."

"ఓలమ్మో! ఒంట్లో బూజేటి, పచ్చడి జాడీనా?"

నవ్వొచ్చింది గానీ డాక్టరు గురునాథరావుగారు నవ్వలేదు. అది కిడ్నీలకి ఎక్కితే మనిషి దక్కడన్నారు. దానికి మందు ఇక్కడ దొరకదట. పోర్టులో పనిచేసే తన తమ్ముణ్ణి పట్టుకుని, ఓడవాళ్ళని బతిమాలి సింగపూరు నుంచి తెప్పించారు. పూటకి రెండు చొప్పున రోజుకి నాలుగు పూటలు. అయిదు రోజులకల్లా జ్వరం దిగింది. ఎనిమిదో రోజున మళ్ళీ మొదలైంది. ల్యాబులో ఆ మందు వేసి చూస్తే, ఫంగస్ దాన్ని లెక్కచేయకుండా పెరుగుతోందట.

"మాత్రలు సరిగ్గా మింగుతున్నాడా?" అన్నారు డాక్టరు.

"నా చేత్తో ఇస్తున్నాను సార్!" అన్నాను రోషంగా.

అప్పుడు శ్రీరామ్మూర్తి దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. "సిస్టరుగారూ, ఎల్లాజీ బావనేటీ అనకండి. ఒకటి ఆడు మింగి ఒకటి నాకిస్తన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు బుద్ధుందా ఎల్లాజీ? ఓడ మీద తెచ్చిన మందు శనగపప్పులా పంచిపెడతావా?"

ఎల్లాజీ నా వంక అమాయకంగా చూశాడు. "ఆడికీ గొట్టం ఉంది గదా సిస్టరమ్మా. రేపు ఆడికీ రాకండా ఉంటాదని ఇచ్చినాను. పడవలో ఉన్నోళ్ళందరికీ వాటా ఎయ్యకండా నానొక్కణ్ణే ఎలాగ తింటాను?"

చాలీచాలని మందు పడితే ఫంగస్ చావదనీ, బతికి బట్టకట్టింది ఆ మందుకి అలవాటు పడిపోతుందనీ డాక్టరుగారు విడమర్చి చెప్పారు. గంగాలమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నేను మాత్రం వార్డు అదిరేలా అరిచాను. "చేజేతులా ప్రాణం మీదకి తెచ్చుకున్నావు!" అని కూడా అన్నాను. ఎల్లాజీ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

రెండు రోజులకి శ్రీరామ్మూర్తికీ జ్వరం వచ్చింది. రిపోర్టు చూస్తే అదే ఫంగస్, అదే మొండితనం.

డాక్టరుగారు రెండు మంచాల మధ్య నిలబడి, "మాత్రలంటే చేతికిచ్చాడు. మరి ఫంగస్ ఈ మంచం నుంచి ఆ మంచానికి ఎలా వెళ్ళింది?" అన్నారు. తర్వాత నా వైపు చూశారు. "సిస్టర్, బ్యాగులు వంపే జగ్గులు ఎన్ని ఉన్నాయి?"

"ఒకటే సార్."

"ఒక బ్యాగు తర్వాత ఇంకోటి వంపేటప్పుడు చేతులు కడుక్కుంటారా?"

నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. వేరే మందుతో ఇద్దరికీ అయిదు రోజులు మూత్రాశయం కడిగించి, గొట్టాలు పీకించేశారు. ఎల్లాజీకి ఇన్సులిన్ పెంచారు. ఇద్దరికీ తగ్గితే సింహాచలం కొండకి మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నాను. ఆరో రోజు పొద్దున థర్మామీటరు చూసి, నమ్మకం కుదరక మళ్ళీ పెట్టి చూశాను. జ్వరం లేదు, ఇద్దరికీ.

డిశ్చార్జి రోజున గంగాలమ్మ తట్టనిండా చేపలు తెచ్చింది. ఎల్లాజీ కర్రల మీద నిలబడి వాటాలు వేశాడు. డాక్టరుగారికి, శ్రీరామ్మూర్తికి, ల్యాబువాళ్ళకి. నేను దూరంగా నిలబడ్డాను. ఇక ఉండబట్టలేక దగ్గరికెళ్ళాను.

"ఎల్లాజీ, నిన్ను అన్నన్ని మాటలన్నాను. నువ్వు మందు పంచావు సరే. బూజు పంచింది నేనే. ఆ జగ్గు నాదే, చేతులు కడుక్కోనిదీ నేనే."

అతను తట్టలోకి వంగి, అన్నిటికన్నా పెద్ద వంజరం తీసి నా చేతుల్లో పెట్టాడు.

"అయితే మీరూ మా పడవలోనోళ్ళే గదా సిస్టరమ్మా," అన్నాడు. "సేతులు కడుక్కుని వండుకోండి."