రెండు ర్యాములు కనబడని దసరా

పవర్ బటన్ నొక్కగానే నేను చేయాల్సిన పనులు ఇవి. కరెంటు సరైన మోతాదులో వస్తోందో లేదో చూడాలి. మొదటి ప్రాసెసర్‌ను పలకరించి, అది నాకు తెలిసిన రకమేనా అని తేల్చుకోవాలి. రెండో ప్రాసెసర్‌ను పలకరించి, అది మొదటిదానికి అచ్చంగా జోడీయేనా అని చూడాలి. స్లాట్లలో కూర్చున్న ర్యాములను ఒక్కొక్కదాన్నీ పిలిచి, నీ రకమేమిటి, నీ వేగమెంత, అసలు నువ్వు ఉన్నావా అని అడగాలి. జవాబు రానిదాన్ని లెక్కలోంచి తీసేయాలి. నిన్న బాగానే పనిచేసింది కదా అని ఇవాళ దేన్నీ వదిలిపెట్టకూడదు. ఇవన్నీ అయ్యాకే తెర మీదికి వెలుగు రావాలి.

నేను ఒక మదర్‌బోర్డును. ఇళ్లలో ఉండే రకాన్ని కాదు, వర్క్‌స్టేషన్ రకాన్ని. నాకు రెండు ప్రాసెసర్లు, ఎనిమిది ర్యాములు. ప్రాసెసర్లు రెండూ ఒకే మోడల్ కావాలి. ఒకటి తేడా అయితే నేను లేవను. ఒక్కో ప్రాసెసర్ కింద నాలుగేసి స్లాట్లు ఉంటాయి. ఆ స్లాట్లలోని ర్యాములు నాకు ఆ ప్రాసెసర్ ద్వారానే కనిపిస్తాయి. ర్యాముల్లో కూడా నాది వేరే రకం. దాన్ని తీసుకెళ్లి ఇంటి కంప్యూటర్‌లో పెడితే స్లాట్‌లో చక్కగానే కూర్చుంటుంది, కంప్యూటర్ మాత్రం మేల్కోదు. పైకి చూస్తే తేడా తెలియదు. మనుషులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

నన్ను చేసిన ఫ్యాక్టరీలో ముసుగులు కట్టుకున్న అమ్మాయిలు భూతద్దాల కింద పెట్టి చూశారు. నా మీద అంటించిన ఆకుపచ్చ స్టిక్కర్‌కు అర్థం నమ్మకం కాదు, పరీక్ష అయిందని మాత్రమే. అక్కడినుంచి హైదరాబాద్‌లో పెద్ద పెద్ద భవనాల నమూనాలు గీసే ఆఫీసుకు చేరాను. అక్కడ నా డబ్బాకు తాళం, తాళం పైన సీలు. కొత్తవి రాగానే మమ్మల్ని వరుసగా పేర్చి అమ్మేశారు. సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్ల వ్యాపారి నన్ను కొన్నాడు, అతని దగ్గర జగిత్యాల రాజమల్లు కొన్నాడు.

గుండేటి రాజమల్లుకు పాత బస్టాండు వెనక పెళ్లి వీడియోల మిక్సింగ్ యూనిట్ ఉంది. మనిషి చెడ్డవాడు కాదు. దసరాకు పనివాళ్లకు బట్టలు పెడతాడు. కస్టమర్లు బాకీ పెట్టినా పెళ్లి ఆల్బం ఆపడు. కాకపోతే ఆయనకు అనుమానం కాస్త ఎక్కువ. హోటల్లో చాయ్ తాగుతూ కూడా చక్కెర తక్కువేశారని ఆయన అనుమానం.

ఆ యూనిట్‌లో నా ముందు కూర్చునేది కొలిపాక సుమలత. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. తల్లి బీడీలు చేస్తుంది. ఎడిటింగ్ ఎక్కడా నేర్చుకోలేదు, చూసి చూసి నేర్చుకుంది. అప్పగింతల దగ్గర పెళ్లికూతురి తండ్రి ముఖం కెమెరాలో ఎక్కడో ఒక మూల పడి ఉంటే వెతికి పట్టుకుని, దాన్ని సరిగ్గా పడాల్సిన చోట పెట్టేది. ఊళ్లో చాలామంది, "ఆ అమ్మాయి చేస్తేనే మాకియ్యి" అని రాజమల్లుకు చెప్పి మరీ ఫుటేజీ ఇచ్చేవాళ్లు. ఆమెకు ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే.

మహర్నవమి నాడు ఆయుధపూజ. టెక్నీషియన్ హబీబ్ వచ్చి నా డబ్బా విప్పి దుమ్ము దులిపాడు. ప్రాసెసర్ల మీద వేడి తగ్గించడానికి పూసిన పేస్టు ఎండిపోతే మార్చాలని రెండింటినీ పైకి తీసి గుడ్డ మీద పెట్టి చాయ్‌కి బయటికి వెళ్లాడు. సుమలత ఆ రోజు రాలేదు. అప్పుడే రాజమల్లు పూజ పళ్లెంతో వచ్చాడు. ప్రతి ఏడూ డబ్బాకు బొట్టు పెట్టేవాడు. ఆ రోజు డబ్బా తెరిచి ఉండేసరికి ఆయన మనసు కరిగింది.

"డబ్బ ఏం జేస్తదయ్యా, పని జేసేది గీ లోపలి దేవుడు కద," అని తనలో తాను అనుకుని, తడి కుంకుమ వేళ్లతో ఒక ప్రాసెసర్‌ను చేతిలోకి తీసుకున్నాడు. పైన బొట్టు పెట్టాడు. కింద, సన్నటి బంగారు చుక్కలుండే చోట, పట్టుకున్న వేలు ఆనింది. కళ్లకద్దుకుని యథాస్థానంలో పెట్టాడు.

హబీబ్ తిరిగొచ్చి బొట్టు చూసి నవ్వుకున్నాడు. రాజమల్లు అటు తిరిగినప్పుడు దాన్ని తుడిచేసి, పేస్టు పూసి, ప్రాసెసర్‌ను వెనక్కి తిప్పి చూడకుండానే బిగించేశాడు. ఆన్ చేసి చూద్దామంటే రాజమల్లు ఒప్పుకోలేదు. పూజలో పెట్టిన మిషన్‌ను పండుగ వెళ్లేదాకా ముట్టుకోకూడదట.

పండుగ మధ్యలో ఒక కస్టమర్ పెన్‌డ్రైవ్ కోసం వస్తానంటే, అది ఇవ్వడానికి షట్టర్ తాళంచెవి సుమలత దగ్గర ఉంచారు. ఆమె వచ్చి పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్లింది. నన్ను ముట్టుకోలేదు.

పండుగ వెళ్లాక నన్ను ఆన్ చేసింది కూడా ఆమే. నేను నా పని చేశాను. ఎనిమిది ర్యాములను పిలిస్తే ఆరే పలికాయి. ఉన్నమాట తెర మీద వేశాను. ఆమె చూసి, లోపల దాచుకోకుండా నేరుగా యజమానికి చెప్పింది.

"సార్, ర్యామ్‌లు రెండు తక్కువ చూపిస్తుంది."

"ఎట్ల తక్కువైతయ్? తాళంచెవి ఎవలకాడుండె?"

"నా దగ్గర్నే ఉండె సార్."

"మీ తమ్మునికి కంప్యూటర్ కొన్నరంట గద మొన్న?"

"కొన్నం. బిల్లున్నది. ఏమంటుండ్రు సార్ మీరు?"

"నేనేమంటలేను. ఊకె అడిగిన."

ఆయన ఊరికే అడగలేదు. ఆమె చాయ్ తాగడానికి బయటికి వెళ్లగానే, నా ముందు కుర్చీలో కూర్చుని, వీడియోగ్రాఫర్ల సంఘం గ్రూపులో వాయిస్ పెట్టాడు. "తమ్ములూ, మీ మీ షాపుల్ల జర పైలం. మా కాడ డబ్బలకెల్లి ర్యామ్‌లు మాయమైనయ్. పేరు నేను చెప్ప, మీకే తెలుస్తది." పేరు చెప్పకపోవడం మర్యాద అనుకున్నాడు. ఆ యూనిట్‌లో కంప్యూటర్ మీద పనిచేసేది ఆమె ఒక్కతే.

మధ్యాహ్నానికి ఎవరో ఆమెకు ఫోన్ చేసి ఆ వాయిస్ వినిపించారు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"హబీబన్నను పిలువుండ్రి. నా ముంగట, మీ ముంగట డబ్బ విప్పాలె. ఇప్పి చూసేదాక నేనీడికెల్లి కదల."

హబీబ్ వచ్చి డబ్బా తెరిచాడు. ఎనిమిది ర్యాములూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

రాజమల్లు తేలికపడాల్సింది పోయి కళ్లు చిన్నవి చేశాడు. "అయితే మంచియి గుంజుకొని సచ్చినయి పెట్టిండ్రన్నట్టు."

"రాజన్నా, ఇవి ఇంటి కంప్యూటర్ల నడువయ్," అన్నాడు హబీబ్. "వాళ్ల తమ్ముడు పెట్టుకున్నా తెర నల్లగనే ఉంటది."

"అమ్ముకోరాదా? నడువకపోతే మాయె."

హబీబ్ పలకని రెండింటినీ తీసి పలికే స్లాట్లలో పెట్టాడు. అవి పలికాయి. పలికేవాటిని తెచ్చి ఇటు పెట్టాడు. అవి మూగబోయాయి. అంటే ర్యాములు మంచివే. వాటిని నాకు చూపించాల్సిన ప్రాసెసర్ దగ్గరే ఏదో తేడా ఉంది.

"గట్లయితే ప్రాసెసరే మార్చిండ్రేమో," అన్నాడు రాజమల్లు. మనిషికి ఒక అనుమానం చస్తే దాని సీటులో ఇంకోటి కూర్చుంటుంది.

"మారిస్తే జోడి కలువది అన్నా. బోర్డే లేవది," అంటూ హబీబ్ రెండింటి మీది పేస్టూ తుడిచి, చెక్కిన మోడల్ పేరు చదివి చూపించాడు. ఒకటే. తర్వాత రెండో ప్రాసెసర్‌ను పైకి లేపి వెనక్కి తిప్పాడు.

ఆ రెండు స్లాట్లకు దారిచ్చే బంగారు చుక్కల మీద ఎర్రగా, వేలిముద్ర అంత కుంకుమ.

హబీబ్ రాజమల్లు వేళ్లను చూశాడు. సుమలత కూడా చూసింది. హబీబ్ స్పిరిట్‌తో తుడిచి, సాకెట్‌లో సన్నటి తీగల మీదున్న పొడిని మెత్తటి బ్రష్‌తో తీసి, మళ్లీ బిగించి ఆన్ చేశాడు. ఎనిమిదింటినీ పిలిచాను. ఎనిమిదీ పలికాయి.

"ముచ్చట ఒడిసిపోయింది గద," అని రాజమల్లు నవ్వబోయాడు. "ఇగ ఇడిచిపెట్టు బిడ్డా. చాయ్ చెప్తున్న."

"గ్రూపుల చెప్పిండ్రు గద సార్. గీ ముచ్చట గూడ గ్రూపులనే చెప్పుండ్రి."

"ఏమని చెప్పాలె? దేవుని కుంకుమ తోటి మిషన్ ఖరాబ్ జేసుకున్నననా? జిల్ల మొత్తం నవ్వుతది."

"మరి నన్ను చూసి ఏం జేస్తరు సార్?"

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, ఏదో చెప్పబోయాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మరునాడు చెబుతాననుకున్నాడేమో. చెప్పలేదు.

సుమలత చేతిలో ఉన్న పెళ్లి వీడియో పూర్తి చేసింది. అందులో ఒక్క షాట్ కూడా అడ్డదిడ్డంగా కోయలేదు. పని అప్పగించి, తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత హబీబ్ వచ్చినప్పుడల్లా ఆమె ముచ్చట వినేవాణ్ణి. ఊళ్లో నాలుగైదు యూనిట్లలో అడిగిందట. అందరూ మర్యాదగా కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఫోన్ చేస్తామన్నారట. "నేను చెప్పిన వాళ్లకు, ఆమె తీయలేదని. నవ్వి ఊకున్నరు. నీకేం కావాలె ఆమె అన్నరు," అని హబీబ్ ఒకసారి రాజమల్లు ఎదుటే అన్నాడు. రాజమల్లు ఫ్యాన్ స్పీడు పెంచి కూర్చున్నాడు. ఇప్పుడు ఆమె కరీంనగర్‌లో ఒక బట్టల షాపులో బిల్లులు కొడుతుందని చివరిసారి విన్నాను.

నా అనుమానం నా పనిలో భాగం. పొద్దున్నే అందరినీ అనుమానిస్తాను, జవాబు రాగానే వదిలేస్తాను. రేపటికి మళ్లీ అడుగుతాను గానీ నిన్నటి నేరం మోపను. మనుషులకు జవాబు దొరికాక కూడా అనుమానం వదలదని నాకు ఆ యూనిట్‌లోనే తెలిసింది.

రాజమల్లు కొత్త మిషన్ కొన్నాక నన్ను కోరుట్లలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చేశాడు. వాళ్లు నాలోంచి అన్నీ తీసేసి, నన్ను చెక్క ఫ్రేములో పెట్టి గోడకు తగిలించారు. ఇప్పుడు నాకు కరెంటు లేదు, ప్రాసెసర్ లేదు, ఒక్క ర్యామ్ కూడా లేదు. బ్యాచ్ మారినప్పుడల్లా సార్ కర్రతో నన్ను చూపిస్తాడు. ఇది ప్రాసెసర్ సాకెట్, ఇవి ర్యామ్ స్లాట్లు అంటాడు. ఆ తర్వాత కొత్తవాళ్లను నవ్వించడానికి, "గీ బోర్డు జగిత్యాలది. ఒకామె దీంట్లకెల్లి రెండు ర్యామ్‌లు కొట్టేసిందట, పండుగ పూట," అంటాడు. అందరూ నవ్వుతారు. ఖాళీ స్లాట్లను చూసి ఆ మాట నిజమే అనుకుంటారు.

మీరు ఎప్పుడైనా అటు వస్తే, ఆ నవ్వు వినబడితే, ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఆమె పేరు కొలిపాక సుమలత. ఆ రోజు ఎనిమిది ర్యాములూ నాలోనే ఉన్నాయి. ఆమె ఏదీ తీయలేదు.