ఈశ్వరి వేసిన ముడి

ధర్మవరంలో మగ్గం మీద ఒక వార్పు, అంటే నిలువు పోగుల వరుస, నేత అయిపోయిందంటే, ఆ పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే అతకాలి. ఒకటీ రెండూ కాదు, వేల పోగులు. వేలికి కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలి తిప్పితే అతుకు పడాలి. పడిన అతుకు దువ్వెన లాంటి పన్నె పళ్ల మధ్యలోంచి ఎక్కడా తగలకుండా జారిపోవాలి. ఈశ్వరి ఇరవై ఏళ్లుగా ఆ పనే చేస్తోంది. ఆమె అతికిన వార్పు తెగిందని చెప్పినవాళ్లు ఆ వీధిలో లేరు.

ఆమె భర్త గంగాధర మంచి నేతగాడు. మోకాళ్లు పట్టేసి గుంతమగ్గంలో కూర్చోలేకపోయినప్పటి నుంచి రంగుల షాపులో కూర్చుని చేసే పని చూసుకుంటున్నాడు. ఆదివారం వస్తే మాత్రం చెరువుగట్టు మీదే ఉంటాడు. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయి, చేతితో విసిరిన గాలం బురదలోనే పడుతోందని అతనికి బెంగ. హిందూపురంలో గాలాల షాపు నడిపే హరిప్రసాద్ దగ్గర సముద్రపు రాడ్డు ఒకటి కొనుక్కొచ్చాడు. ఒడ్డున నిలబడి అలలు దాటించి విసరడానికి చేసిన రాడ్డది. రెండు ముక్కలు కలిపితే పదమూడు అడుగులు.

మొదటి ఆదివారం ఈశ్వరి కూడా గట్టు మీదికి వెళ్లింది. గంగాధర రాడ్డు ముక్కలు రెండూ బిగించి, రింగులన్నీ ఒకే వరుసలో ఉన్నాయా అని ఒక కన్ను మూసి చూశాడు. రీలు పాదాన్ని రాడ్డుకు బిగించి, దారాన్ని కింది పెద్ద రింగులోంచి కొసన ఉన్న చిన్న రింగు దాకా ఎక్కించాడు. చివర గుప్పెట్లో పట్టేంత సీసం గుండు. సన్న దారమైతే దూరం పోతుంది గానీ, విసిరే ఊపుకు ఆగదు. అందుకని ముందు భాగంలో నాలుగు బారల లావు దారం ఉంటుంది. ఆ రెండూ కలిసే చోట ముడి. ముడి హరిప్రసాదే వేసిచ్చాడు.

రెండుసార్లు విసిరితే ముడి రింగుకు తట్టుకుని గుండు దగ్గర్లోనే పడింది. మూడోసారి ఫట్‌మంది. గుండు ఒక్కటే ఎగిరి నీళ్లలో పడింది. తెగిన దారం గాలికి వెనక్కొచ్చి గంగాధర మొహం మీద పడింది.

అతను ఫోన్ చేస్తే హరిప్రసాద్ నవ్వాడు. "విసిరేది రాకుంటే రాడ్డేం చేస్తాదన్నా. నా ముడి తెగదు."

ఈశ్వరి రీలు మీద మిగిలిన కొస పట్టుకుని చూసింది. "ఇది ముడి కాదు, కంతి. ఇంత లావుంటే రింగులో యాడ పోతాది?"

మూడు రోజులు పని నుంచి వచ్చాక ఆమె ఆ దారాల ముందే కూర్చుంది. పట్టుకు పడే మెలి నైలాన్‌కు జారిపోయింది. బూడిద పనికి రాలేదు. చివరికి సన్న దారాన్ని లావు దారం మీద ఏడు చుట్లు ముందుకు చుట్టి, ఆ చుట్ల మీదుగానే అడ్డంగా ఏడు చుట్లు వెనక్కి తెచ్చి, ఉమ్మితో తడిపి, నిదానంగా లాగింది. నిదానంగా లాగడమే అందులో కిటుకు. బిగిసిన ముడి గోరుకు కూడా తగల్లేదు. గంగాధర గుమ్మం కొక్కేనికి కట్టి బలమంతా పెట్టి లాగాడు. కొక్కెం ఊడొచ్చింది.

తర్వాతి ఆదివారం అతను రీలు మీది కమ్మీ తెరిచి, దారాన్ని చూపుడువేలితో పట్టుకుని, రాడ్డును భుజం వెనక్కి వంచి, కింది చేత్తో లాగుతూ పైచేత్తో తోసి, వేలు వదిలాడు. దారం జుయ్యిమని పోతూనే ఉంది. బురద దాటి, తుంగ దాటి, ఎక్కడో నీళ్ల నడుమ గుండు పడిన చప్పుడు ఆలస్యంగా వినిపించింది. ఈశ్వరికి తానే విసిరినంత సంబరమైంది.

ఆ సంగతి గంగాధర ద్వారా తెలిసి, వారం తిరక్కుండా హరిప్రసాద్ కారేసుకుని ఇంటికి వచ్చాడు. అతనికి గాలాల మీద ఒక వీడియో చానల్ కూడా ఉంది. ఈశ్వరి ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. తిని, చేతులు కడుక్కుని, ఫోన్ స్టాండుకు తగిలించి, ఆమెతో నాలుగుసార్లు ముడి వేయించుకున్నాడు.

"నీ పేరు పెట్టి చూపిస్తా చూడక్కా. నీది మామూలు చెయ్యి కాదు," అన్నాడు పోతూ.

నెల తర్వాత పక్క మగ్గం నరసక్క ఫోన్ పట్టుకుని వచ్చింది. "ఇవి నీ చేతులే గదా ఈశ్వరీ? బొటనవేలి మీద ఈ కాలిన మచ్చ నీదే."

చేతులు ఆమెవే. గాజులు కనపడకుండా మణికట్టు దగ్గరికి కత్తిరించి, చుట్లు లెక్కకు అందనంత వేగంగా వీడియో నడిపాడు. మాట మాత్రం అతనిది. మూడేళ్లు రాత్రింబవళ్లు కష్టపడి తాను కనిపెట్టిన ముడి ఇదని, దీని పేరు హెచ్‌పీ నాట్ అని, నేర్చుకోవాలంటే వచ్చే ఆదివారం పెనుకొండ దగ్గరి రిజర్వాయరుకు రమ్మని చెబుతున్నాడు. లక్షల మంది చూశారు. కింద జనం అతనికి దండాలు పెట్టారు.

ఈశ్వరి ఒళ్లు మండింది. "ఉగ్గాని తిన్న నోటితోనే చెప్పినాడు చూడు."

నరసక్క ఫోన్ కట్టేసి అంది. "అది నీదేనని మా ఆయన టీ అంగడి కాడ అన్యాడంట. మీ ఆయనే, కాదు, హరిప్రసాద్‌దే అన్యాడంట."

ఈశ్వరి ఇంటికి వెళ్లేసరికి గంగాధర రీలుకు నూనె వేస్తున్నాడు. రీలు కొత్తది. పాతది మార్చి హరిప్రసాద్ ఇచ్చాడని పదిరోజుల కిందటే చెప్పాడు. ఆమె అప్పుడు నమ్మింది.

"ఆ రీలు ఊరికే ఇచ్చినాడా?"

గంగాధర తల ఎత్తలేదు. "అడిగినాడే. ముడి నా పేరుతో పెట్టుకుంటా అన్యాడు. సరే అన్యా. మనకేం పోతాది? నువ్వేమన్నా వీడియోలు చేస్తావా?"

"నా చేతి పనికి నిన్ను అడిగినాడు. నువ్వు సరే అన్యావు. నడుమ నేనెవరు?"

"ఒక ముడికి ఇంత రచ్చా?"

"నువ్వు రెండు నెల్లు కూర్చోని నేసిన చీరకు షావుకారు తన షాపు పేరు కుట్టుకుంటే, అన్నం తినకుండా తిట్టినావే. ఆ పొద్దు నేను, మనకేం పోతాదిలే అన్యానా?"

గంగాధర రీలును సంచిలో పెట్టేశాడు. ఆ వారమంతా ఆమె అతనితో మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున్నే ఈశ్వరి పెనుకొండకు ప్యాసింజరు రైలు ఎక్కింది. గంగాధర మోకాళ్లు పట్టుకుంటూ వెనకే ఎక్కి ఎదురు సీట్లో కూర్చున్నాడు. అతని సంచిలో ఆ రీలు ఉంది. ఆమె కిటికీలోంచి చూస్తూ, అందరి ముందూ అనాల్సిన మాటలను దారి పొడుగునా కూర్చుకుంది. పెనుకొండలో దిగి ఆటోలో రిజర్వాయరు చేరేసరికి కట్ట మీద ముప్పై మంది దాకా ఉన్నారు. రాడ్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. వచ్చినవాళ్ల పెళ్లాలు, పిల్లలు వెనక రాళ్ల మీద కూర్చుని పులిహోర తింటున్నారు.

హరిప్రసాద్ ఆమెను చూసి ఒక్క క్షణం తడబడి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

సిద్ధం చేసుకున్న మాటలతో ఈశ్వరి అతని దగ్గరికి వెళ్లింది. కానీ చూపు మొదటి రాడ్డుకు అతను వేయించిన ముడి మీద పడింది. నాలుగే చుట్లు. వెనక్కి తిప్పనే లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. సీసం గుండ్లేమో గంగాధరదానికంటే పెద్దవి. ఒకాయన అప్పుడే రాడ్డు భుజం మీదికి ఎత్తుతున్నాడు. అతని వెనక పదిహేను అడుగుల్లో పిల్లలు. కూర్చుకున్న మాటలన్నీ ఆమెకు పోయాయి.

"ఏమప్పా, ఆగు. దించు దాన్ని. ఆ ముడి తెగుతాది. ఆ గుండు యెవరికన్నా తగిలితే తలకాయ పగులుతాది."

ఆయన దించాడు. పేరు వేణుగోపాల్, హిందూపురంలో కాలేజీ లెక్చరరు. "ఎవరమ్మా మీరు?"

"ఎవరో ఏందో తెలీకుండా మాట్లాడతాంది సార్," అన్నాడు హరిప్రసాద్. "ఇది నా సొంత ముడి. నేను విసిరి చూపిస్తా."

"చూపించు. ముందు పిల్లోళ్లను లేపు," అంది ఈశ్వరి. తానే వెళ్లి ఆడవాళ్లనూ పిల్లలనూ కట్ట కిందికి దింపింది. దింపేదాకా అతను రాడ్డు ఎత్తకుండా గంగాధర అడ్డం నిలబడ్డాడు.

హరిప్రసాద్ రోషంగా, బలమంతా పెట్టి విసిరాడు. రాడ్డు ముందుకు రాకముందే ముడి తెగింది. గుండు నీళ్ల వైపు పోలేదు. పక్కగా వెనక్కి పోయి, పులిహోర గిన్నెలు ఉన్న రాళ్లను కొట్టి, రెండుసార్లు ఎగిరి పడింది. ఒక రాయి అంచు పెళ్లగిల్లి తెల్లగా కనిపించింది.

ఒక తల్లి పిల్లవాణ్ణి చంకనెత్తుకుంది.

"మూడేండ్లు కష్టపడినోనికి ఎన్ని చుట్లో తెలీలేదా?" అంది ఈశ్వరి. "నా చేతులు కోసుకోని పోయి చూపిస్తివి. చుట్లు లెక్కపెట్టే ఓపిక గూడా లేకపాయె నీకు. తెలీకుంటే నన్ను అడిగితే ఏం పాయె? అడిగితే నాదని తెలుస్తాదని గదా, ఇంతమంది ప్రాణాల మీదికి తెస్తివి."

హరిప్రసాద్ మొహం ఎర్రబడింది. గుంపు వైపు తిరిగి నవ్వే ప్రయత్నం చేశాడు. "అక్క మన టీమే సార్. ధర్మవరం నుంచి నేనే పిలిపించినా."

"నేను యెవరి టీమూ కాదు. టికెట్ కొనుక్కోని వచ్చినా."

ఆమె కట్ట మీదే కూర్చుని, వేణుగోపాల్ రాడ్డు దారం తీసుకుని ముడి వేసింది. ఏడు ముందుకు, ఏడు వెనక్కి, తడిపి నిదానంగా. వేణుగోపాల్ విసిరాడు. గుండు పోయి పోయి చిన్న చుక్కయి నీళ్లలో మునిగింది. ఆ తర్వాత తక్కిన రాడ్లన్నీ ఆమె ముందుకే వచ్చాయి. నేర్పమన్నవాళ్లకు నేర్పింది. పేరు అడిగిన ప్రతివాడికీ చెప్పింది. "ఈశ్వరి. ధర్మవరం. వార్పులు అతుకుతా."

గంగాధర సంచిలోంచి రీలు తీసి హరిప్రసాద్ చేతిలో పెట్టాడు. "నాది కాని దాన్ని నీకు అమ్మినా. తప్పు నాది గూడా," అన్నాడు. హరిప్రసాద్ తీసుకోనన్నాడు. గంగాధర దాన్ని అతని కారు మీద పెట్టి వచ్చాడు.

సాయంత్రానికి వీడియో కింద ఒక వాక్యం చేరింది: ధర్మవరం సోదరి సహకారంతో. నరసక్క చదివి వినిపించింది. "సోదరికి పేరు లేదంటనా?" అంది ఈశ్వరి. వేణుగోపాల్, ఇంకో పదిమంది అదే మాట కింద రాశారు. నాలుగు రోజులకు హరిప్రసాద్ వీడియో మొత్తంగా తీసేశాడు. క్షమించమని మాత్రం ఫోన్ చేయలేదు. అప్పటికే దాన్ని చూసి నాలుగు చుట్లతో ముడి వేసుకునేవాళ్లు ఎంతమందో అని ఆమె నరసక్కను అడుగుతూనే ఉంది.

ఇంట్లో గంగాధర రెండుసార్లు తప్పయిందన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

"నాకు చెప్తే ఏం? అబద్ధం యాడ చెప్పినావో ఆడ చెప్పు."

మర్నాడు పొద్దున ఆమె పనికి వెళ్తూ టీ అంగడి ముందు ఆగింది. గంగాధర గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు. నరసక్క మొగుడితో పాటు ఐదారుగురు నేతగాళ్లున్నారు.

"ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధమప్పా. ముడి ఈశ్వరిది. రీలుకు ఆశపడి అట్లంటి."

ఒకడు నవ్వాడు. మిగతావాళ్లు నవ్వలేదు. ఈశ్వరి అతను మళ్లీ కూర్చునేదాకా నిలబడి, పనికి వెళ్లిపోయింది. అన్ని రోజులూ అతనే పెట్టుకు తిన్న అన్నం ఆ మధ్యాహ్నం తనే వడ్డించింది. మామూలుగా మాట్లాడటానికి ఇంకో రెండు రోజులు పట్టింది.