ఆ పండు పేరు

ఆడబిడ్డ పురిటికి వెళ్లి నలభై రోజులు గుడ్డలు ఉతికినందుకు నాగేశ్వరమ్మకు మిగిలింది కొంగుముడిలో నాని ముద్దయిన కాగితం ఒక్కటే. మామూలు కాగితమా అది! ఇంగ్లీషువాళ్ల ఇలాకా నుంచి వచ్చి బస్తర్ రాజ్యంలో సాగు చేసుకునే కుటుంబాలకు ఇచ్చే పర్వానా. అది చూపిస్తేనే సరిహద్దులోని కోంటా నాకా దాటి ఎర్రబోరులో ఇంటికి చేరేది. బయల్దేరేటప్పుడు భర్త దాన్ని చేతిలో పెట్టి మరీ చెప్పాడు: "ఇది పోగొట్టినవనుకో, ఆడ్నే ఉండు. బిడ్డను మా అమ్మ సూసుకుంటది."

నాలుగేళ్ల బిడ్డ. ఆ భయంతోనే ఆమె కాగితాన్ని ఒంటి మీద నుంచి దించలేదు. అదే కొంప ముంచింది. వాగులో నడుంలోతు నీళ్లలో నిలబడి ఉతుకుతుంటే కొంగు తడిసింది, ముడి తడిసింది, అక్షరాలు వాగులో కలిశాయి. ఆడబిడ్డ మాత్రం మంచం దిగకుండానే "వదినా, ఆ మూల మరక అట్లనే ఉన్నది" అంది.

ఇప్పుడు నాకాలో మున్షీ ఆ ముద్దను వేలితో పక్కకు నెట్టి, లావుపాటి రిజిస్టర్ తెరిచాడు. హిందీ మాట్లాడే పై దేశం మనిషి. తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు.

"ఇందులో ఉంటే నకలు రాస్తా. లేకపోతే వాపస్ పో. ఘర్‌వాలా పేరేంది?"



పెళ్లయి ఏడేళ్లు. ఆ పేరు ఏనాడూ ఆమె నోట రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందట. పోనీ ఏ ఎల్లయ్యో పుల్లయ్యో అయినా బాగుండేది, ఈయన పేరులో దేవుడూ దేవేరీ ఇద్దరూ ఇరుక్కున్నారు. అందుకని ఆ ఇంట్లో సీతాఫలం 'ఆ పండు', రామచిలుక 'పచ్చపిట్ట'. కాపురానికి వచ్చిన కొత్తలో అడవి నుంచి గంపెడు పళ్లు మోసుకొచ్చి "అత్తమ్మా, సీతాఫలాలు" అని నోరు జారితే, అత్త గంపను కాలితో తన్ని "నా కొడుకును మింగనీకొచ్చినవా?" అంది. కొడుకు లేచి చెంప మీద ఒకటి అంటించి, మళ్లీ కూర్చుని అవే పళ్లు గింజలు ఉమ్ముతూ తిన్నాడు. భద్రాచలం గుట్టెక్కినా ఆమె దండం పెట్టిందే తప్ప దేవుణ్ణి పేరు పెట్టి పిలవలేదు. కూతురు కూడా 'ఆ పండు' అనే నేర్చుకుంది. దానికి అసలు పేరు ఒకటుందని ఆ పిల్లకు తెలియదు.

"భద్రాచలం గుట్ట మీద దేవుడు లేడా సాబ్, గాయన పేరు. పెళ్లాం పేరు ముందుంటది."

మున్షీ పేజీలు తిప్పాడు. "మిల్ గయా! కిష్టారం, భద్రయ్య. పెళ్లాం ఒకటి, ఎడ్లు రెండు."

"గాయన కాదు సాబ్. మాది ఎర్రబోరు."

"పెళ్లాం ఒకటి అని రాసుంది. నువ్వు ఒకటే ఉన్నావు కదా?" అంటూ కలం ముంచాడు.

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. పేరు లేని పెళ్లాన్ని ఎవరి ఇంటి పద్దులో రాసినా సరిపోతుందన్నమాట!

అంతలో ఆమెను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన బండి బయట ఆగింది. "ఓ లచ్చన్నా, నిలువురా నాయినా. రాజన్నా, మెల్లగ" అని ఎడ్లను బుజ్జగిస్తూ భర్త దిగాడు. సంగతి విని గయ్యిమన్నాడు.

"కాగితం పోగొట్టినవా? నీ చేతికిచ్చుడు నాదే తప్పు. నా పేరు చెప్పనీకి ఏం రోగమే నీకు?"

చెంప మీద కొట్టిన మనిషే ఈ మాట అంటున్నాడు. నాగేశ్వరమ్మ అతని మొహంలోకి తేరిపార చూసింది.

అతనే తన పేరు చెప్పుకున్నాడు. మున్షీ వెతికి పట్టుకున్నాడు. "సీతారాములు, ఎర్రబోరు. పెళ్లాం ఒకటి, ఎడ్లు రెండు. ఈమేనని ఏం నమ్మకం? పేరు చెప్పు, రాస్తా."

"ఆడిదాని పేరెందుకు సాబ్? పెళ్లాం అని రాయుండ్రి, గంతే."

ఎడ్లకు పేర్లున్నాయి. ఆమె ఏడేళ్లుగా 'ఏమే'. అది ఇవాళ కొత్తగా తెలిసిందేమీ కాదు, కానీ ఇవాళ మింగుడు పడలేదు.

"సీతారాములూ!" అంది, నాకా అంతా వినబడేలా. "ఎడ్లను నీడకు కట్టు. ఇక్కడ ఆలస్యమైతది."

అతను చావలేదు. నోరు తెరుచుకుని నిక్షేపంగా నిలబడే ఉన్నాడు.

ఆమె మున్షీ వైపు తిరిగింది. "నాగేశ్వరమ్మ అని రాయుండ్రి సాబ్. నా పేరు రాయకుంటే నేను ఈ గడప దిగ."

మున్షీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, రాశాడు. ఆమె అక్షరాలు ఆరేదాకా ఆగి, కాగితాన్ని తన చేత్తోనే తీసుకుంది.

బండి దగ్గర భర్త గొంతు తగ్గించాడు. "నా పేరు పెట్టి పిలిచినవ్, గదీ నలుగుర్ల. ఇంటికి పోయి మా అమ్మకేం చెప్తవే?"

దారిలో బిడ్డ కోసం ఏరి తెచ్చిన పళ్ల మూటను ఆమె ఒళ్లో పెట్టుకుంది.

"మీ అమ్మకేం చెప్ప. నా బిడ్డకు చెప్త, ఇవి సీతాఫలాలని."