గూటికి తాళం

రిటైరైన మెకానిక్‌కి ఈ లోకంలో నమ్మకమైనవి రెండే: తన స్పానరు, తన ఆరు కోళ్ళు. మిగతా వాళ్ళందరూ ఆయన లెక్కలో ఏదో ఒకటి దాస్తున్నవాళ్ళే.

పెరట్లో గూడు ఆయనే కట్టాడు. పొద్దున్నే మొక్కజొన్న నూకలో తవుడు కలిపి పెట్టడం, నీళ్ళగిన్నె కడగడం, గడ్డి మార్చడం అన్నీ ఆయనే. వంటింట్లో కొట్టిన గుడ్ల పెంకులు కూడా పారెయ్యనిచ్చేవాడు కాదు. పెంకు తింటే గుడ్డు గట్టిగా వస్తుందని డొప్పలు డొప్పలుగానే తీసుకెళ్ళి కోళ్ళ ముందు పోసేవాడు.

"కాస్త ఎండబెట్టి పొడి చేసి వెయ్యండీ," అనేది భార్య.

"వాటికి ముక్కులుండగా పొడి నేనెందుకు కొట్టాలి? నా కోళ్ళ సంగతి నాకు తెలుసులే!"

అలాంటి గూట్లో గుడ్లు తగ్గడం మొదలైంది. కోడి గుడ్డు పెట్టి ఊరంతా వినపడేలా అరిచేది. ఈయన పరుగెత్తుకెళ్ళి చూస్తే గడ్డి తడిగా ఉండేది, గుడ్డు ఉండేది కాదు. నీళ్ళు ఒలికాయనుకుని గిన్నెను నాలుగు తిట్టి గడ్డి మార్చేవాడు.

ఇంకేముంది, అనుమానం బావమరిది మీద పడింది. పాపం, అతను గోడలకు రంగులేసే మనిషి. పనుల్లేక అక్క ఇంట్లో ఉంటున్నాడు. పెరట్లో పళ్ళు తోముకుంటూ గూడు వైపు చూస్తే కన్నేశాడనేవాడు ఈయన. చూడకపోతే, కావాలనే చూడట్లేదనేవాడు! చివరికి ఓ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నవాణ్ణి పట్టుకుని అడిగేశాడు.

"ఏరా, గుడ్లు ఏం చేస్తున్నావు?"

"నాకు గుడ్డు వాసనే పడదు కదా బావా."

"తినవు సరే. ఎవరికి చేరేస్తున్నావంటున్నా!"

అతను కంచం జరిపేసి చెయ్యి కడుక్కున్నాడు. సాయంత్రానికి సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. అక్క వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది.

పీడ వదిలిందనుకున్నాడు మెకానిక్. అయినా ఎందుకైనా మంచిదని గూటికి తాళం వేశాడు. ఒక చెవి తన జేబులో, రెండోది వంటింటి మేకుకి. మర్నాడు తాళం తీసి చూస్తే గడ్డి తడి. గుడ్డు లేదు.

భార్యను అనుమానించడమా, ఛీ ఛీ, అనుకున్నాడు మొదట. తన చెయ్యి నలిగి మంచాన పడితే పసిపిల్లాడికి పెట్టినట్టు తినిపించిన మనిషి. అంతలోనే బుర్రలో పురుగు కదిలింది. తమ్ముణ్ణి వెళ్ళగొట్టాననే కసితో వాడికే మోసుకెళ్తోందేమో!

"ఏమే, ఆ తాళంచెవి తీశావా?"

ఆవిడ చేస్తున్న పని ఆపింది. "నన్నేనా అడుగుతున్నారు?"

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఆవిడ మేకుకున్న తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టి, గదిలోకి వెళ్ళిపోయింది.

రెండు చెవులూ జేబులో వేసుకుని ఈయన గూడు పక్కనే పీట వేసుకు కూర్చున్నాడు. ఎర్రకోడి గుడ్డు పెట్టి లేచింది. తెల్లకోడి తాపీగా వచ్చి గుడ్డు నెత్తిన టకామని ఒక్క పోటు పొడిచింది. ఇంకేం, మిగతావన్నీ ఎగబడ్డాయి. సొన తాగి, పెంకుతో సహా మింగి, ముక్కులు గడ్డికి తుడుచుకున్నాయి. వాటికి పెంకు రుచి మప్పింది ఈయనే మరి! డొప్పలకు అలవాటు పడ్డ కోడి నిండు గుడ్డును మాత్రం వదులుతుందా?

తప్పు తనదేనని తెలిసినా ఆయనకు పట్టలేని సంతోషం. ఇంట్లోకి పరుగెత్తాడు.

"ఏమే, దొంగలు దొరికారే! మన కోళ్ళే తినేస్తున్నాయి! నువ్వూ కాదు, మీ తమ్ముడూ కాదు!"

ఆవిడ మంచం మీద సంచీలో బట్టలు సర్దుకుంటోంది.

"ఎక్కడికే? నువ్వు తియ్యలేదని తేలిపోయింది, చెప్తున్నాగా!"

"కోడి వచ్చి సాక్ష్యం చెప్తేగానీ నన్ను నమ్మలేకపోయారు," అంది ఆవిడ. "రేపు ఇంట్లో ఇంకోటి పోతే, నా తరఫున ఎవరు చెప్తారండీ?"

సంచీ భుజాన వేసుకుని ఆవిడ గుమ్మం దాటింది.