సబ్బు పెట్టిన పడవ

నాకు ఈత రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే మధ్యలో ఎవరో ఒకరు అడుగుతారు. యాభై ఏళ్లు గొర్రెలు కాచాను. నీళ్లెక్కడ ఉన్నాయా అని వెతుక్కుంటూ తిరిగానే గానీ, నీళ్ల మీద తిరుగుతానని కలలో కూడా అనుకోలేదు. అలాంటివాణ్ని, అరవై ఎనిమిదో ఏట పడవ కొన్నాను. అదీ ఇంజన్ పడవ.

ఎందుకు కొన్నానంటే, దారి మునిగింది కాబట్టి. మంగళవాడకు దగ్గర్లో మా హట్టి, గొర్రెలు కాచేవాళ్ల పల్లె. మా భూమిలో చాలావరకు సోలార్ కరెంటు వాళ్లకు ఇచ్చేశాం. చెరువు అవతల రెండెకరాలు, ఒక గుడిసె మిగిలాయి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ చెరువులో గొర్రెలు మేసేవే తప్ప చేపలు తిరగలేదు. దాని మధ్యలో నుంచే చెప్పులేసుకుని నడిచిపోయేవాణ్ని. మూడేళ్ల కింద వానలు పట్టి చెరువు నిండింది. ఊరంతా పూజ చేశారు. నేనూ టెంకాయ కొట్టాను. మరుసటి రోజు చేనికి బయలుదేరాక తెలిసింది, నా దారి నీళ్ల అడుగున ఉందని. చుట్టూ తిరిగి పోదామంటే సోలార్ కంచె. కంచె వెంబడి ఏడు కిలోమీటర్లు.

బుద్ధున్నవాడైతే పుట్టి కొనుక్కుంటాడు. బుట్టలాంటిది, తెడ్డేసుకుని పోవచ్చు. నాకది నచ్చలేదు. గుండ్రంగా తిరుగుతూ ఎటు పోతుందో దానికే తెలియదు. ఎక్కడో డ్యాం దగ్గర జనాన్ని తిప్పే పాత పడవలు అమ్ముతున్నారంటే పోయి, తెల్లగా, పక్కన నీలం గీత ఉన్నదాన్ని మినీ లారీలో వేసుకొచ్చాను. గొర్రెను కొనేటప్పుడు నేను పళ్లు చూస్తాను, పొదుగు పట్టి చూస్తాను, నాలుగడుగులు నడిపించి చూస్తాను. పడవకు రంగు చూశాను.

హట్టిలో అందరూ ఒప్పుకోలేదు. మా దగ్గర ఆరువందల జీవాలున్నాయి. ఎండాకాలం వస్తే బోర్లు ఎండిపోతాయి. వాన పడేదాకా ఆ జీవాలన్నింటికీ ఆ చెరువు నీళ్లే గతి. హట్టికి పెద్దమనిషి పెద్దతిమ్మప్పన్న. అందరినీ కూర్చోబెట్టి మాట తేల్చాడు.

"తిప్పుకో కాటయ్యా. ఎవరూ వద్దనరు. కానీ నీ ఇంజన్ నూనె ఒక్క బొట్టు నీళ్ల మీద కనపడినా, పడవ గట్టు మీద ఉంటుంది. నీళ్లలో ఉండదు. గొర్రె వాసన పట్టిందంటే ఆ నీళ్లు తాగదు. నీకు తెలవందేముండాది?"

"కనపడదన్నా," అన్నాను. అంత ధైర్యంగా ఎలా అన్నానో నాకే తెలియదు. ఆ పడవలో డీజిల్ ట్యాంకు ఎక్కడుందో కూడా అప్పటికి నేను చూడలేదు.

చూడటానికి వీల్లేదు కూడా. పడవ చేసినప్పుడే ట్యాంకును అడుగున పెట్టి, దాని మీద నేల పోసేశారు. మనకు కనపడేది డీజిల్ పోసే మూత ఒకటి, నేలలో చెయ్యి పట్టేంత రంధ్రం ఒకటి. అంతే. వెనక పంకా ఇరుసు దగ్గర కొంచెం నీరు ఎప్పుడూ లోపలికి ఊరుతుంది. ఆ నీళ్లను ఎత్తి చెరువులోకి పోసేదానికి చిన్న పంపు, దానికొక ఎర్ర స్విచ్. ఇదంతా నేను రెండేళ్లలో నేర్చుకున్న విద్య.

పోయిన మాఘమాసంలో ఒక ఉదయం ఆ రంధ్రంలో చెయ్యి పెడితే వేళ్లకు డీజిల్ అంటింది. వంగి చూశాను. లోపలి నీళ్ల మీద రంగురంగులుగా నూనె తెట్టు. ముందు రోజు ఐదు లీటర్లు పోశాను. పడవ ఎక్కడికీ పోలేదు, మూత తీసి పుల్ల ముంచి చూస్తే మూడే ఉంది. పాతగుడ్డలతో ఆ నీళ్లన్నీ ఒత్తి, డబ్బాలోకి పిండి, మోసుకుపోయి దూరంగా గుట్ట వెనక గుంత తీసి పూడ్చాను. దొంగ సొమ్ము పాతిపెట్టేవాడు కూడా అన్నిసార్లు వెనక్కి తిరిగి చూసుకోడు.

పావగడ నుంచి మల్లేశప్పను పిలిపించాను. ట్రాక్టర్లకూ బోరు మోటర్లకూ వెల్డింగ్ చేస్తాడు. చెయ్యి పెట్టాడు, వాసన చూశాడు, లేచి నిలబడ్డాడు.

"ట్యాంకు అడుగును తుప్పు తినేసింది తాతా. నేల కోసి బయటికి తీయల్ల."

"కోస్తే అందరికీ తెలుస్తుంది గదప్పా. కోయకుండా అతుకు పెట్టు."

"ట్యాంకు నీకు కనపడతాందా?"

"లేదు."

"నాకూ కనపడదు. కనపడందాన్ని యాడని అతికేది? కోసేదాకా స్టార్ట్ చేయొద్దు. చెప్పినా, ఇంక నీ ఇష్టం."

నా ఇష్టం అన్నాక నాకు సబ్బు గుర్తొచ్చింది.

నా పాత మోపెడ్‌కు ఒకసారి ట్యాంకు చిల్లి పడింది. గుడ్డలుతికే సబ్బు బిళ్ల గట్టిగా రుద్ది మూసేశాను. నాలుగేళ్లు నడిచింది. ఒక్క చుక్క కారలేదు. అప్పట్నుంచి ఊళ్లో ఎవరి బండి కారినా నేనే డాక్టర్ని. అందుకని ఒక నీలం సబ్బు తీసుకుని, బోర్లా పడుకుని, చంక దాకా చెయ్యి రంధ్రంలో దూర్చి, తడి తగిలిన చోటల్లా సబ్బు బిళ్ల అరిగిపోయేదాకా మెత్తాను. గంట తర్వాత చూస్తే పొడిగా ఉంది. మల్లేశప్ప ఇన్నేళ్లు వెల్డింగ్ చేసి ఏం నేర్చుకున్నాడో అనుకుంటూ ఇంటికి పోయాను.

"నీ దగ్గర ట్రాక్టర్ వాసనొస్తాంది," అంది హనుమంతమ్మ. నా భార్య. ఆమె ముక్కు గొర్రె ముక్కు.

"ఇంజన్ అన్నాక వాసన రాదా?"

"నిన్న రాలేదే?"

సంగటి ముద్ద అందుకున్నాను.

పది రోజులు పడవను కదపలేదు. రోజూ పోయి చెయ్యి పెట్టి చూడటం, సబ్బు మెత్తిన చోట పొడిగా ఉందని మురిసిపోవటం. పదకొండో రోజు హనుమంతమ్మ, అవతల గుడిసెలో నిరుటి గొర్రె బొచ్చు మూటలు రెండున్నాయి, ఎలుకలు గూడు కడుతున్నాయి, తెద్దాం పద అంది. ఈ కాలంలో బొచ్చు ఎవరూ కొనరు. అయినా పారేయడానికి ఆమెకు మనసు రాదు. సరే అన్నాను. పోయేటప్పుడు పడవ పూలరథంలా పోయింది. మూటలు వేసుకుని తిరిగొస్తున్నాం. ఇద్దరి బరువు, మూటల బరువు. పడవ కొంచెం కిందికి దిగింది. వెనక ఇరుసు దగ్గర నీరు మామూలు కంటే ఎక్కువగా ఊరింది.

సరిగ్గా చెరువు నడిమధ్యలో, నేలలోని రంధ్రం నుంచి తెల్లటి నురగ పైకి పొంగింది. ముందు పిడికెడు, తర్వాత గంపెడు. ఇంజన్ అదురుకు లోపలి నీళ్లలో సబ్బు కలిసి, చిలికినట్టు చిలుక్కుంటోంది.

హనుమంతమ్మ నురగను చూసింది, నన్ను చూసింది.

"ఏమయ్యా, ఇట్లని చెప్పింటే దుప్పట్లు తెచ్చుకుందును గదా. ఉతుక్కొని పోయేదాన్ని."

"సబ్బు పెట్టినా," అన్నాను.

"దేనికి?"

"ట్యాంకు కారతాంటే."

"నీళ్లలో ఉండేదానికి సబ్బు పెట్టినావా?"

ఆ మాట ఆమె నోట విన్నాకే నాకు వెలిగింది. మోపెడ్ నాలుగేళ్లు నడిచింది నా తెలివి వల్ల కాదు. ఆ నాలుగేళ్లూ మాకు వాన పడలేదు. కరువు చేసిన పనిని నేను నా పేర రాసుకున్నాను.

ఇంజన్ ఆపేశాను. నురగ కింద నీళ్లు పాదాల దాకా వచ్చాయి. నీళ్ల మీద డీజిల్, ఘాటుగా. అలవాటుగా చెయ్యి ఎర్ర స్విచ్ మీదికి పోయింది. హనుమంతమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"పంపు వేస్తే యాడికి పోతుంది ఇది?"

"చెరువులోకి."

"మధ్యాహ్నం జీవాలు వస్తాయి."

"వేయకపోతే మనం మునుగుతాము మే. నాకు ఈత రాదు."

"నాకు మాత్రం వస్తుందా? చెయ్యి తీయి."

తీశాను. ఆమె ఒక మూట విప్పి, పిడికిళ్ల కొద్దీ బొచ్చు తీసి ఆ నీళ్ల మీద పరిచింది. కంబళి వానకు తొందరగా తడవదని నాకు తెలుసు. ఆ బొచ్చే డీజిల్‌ను మాత్రం దాహంతో ఉన్నట్టు తాగుతుందని ఆరోజే చూశాను. నల్లగా, బరువుగా అయిన బొచ్చును ఆమె తీసి డబ్బాలో వేస్తుంది, కొత్తది పరుస్తుంది. నాకు మిగిలిన పని పడవను గట్టుకు చేర్చటం. తెడ్లు లేవు, ఇంజన్ పడవకు తెడ్లెందుకని నేనే తేలేదు. చేనికి తెచ్చిన పార ఉంది. దాంతో తోశాను. ఒకవైపు తోస్తే పడవ గుండ్రంగా తిరిగింది. పుట్టి కంటే అధ్వానంగా.

గట్టు దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. కట్ట మీద దుమ్ము లేచింది. ఆరువందల జీవాలు, వాటి ముందు పెద్దతిమ్మప్పన్న.

చెరువు మధ్య నుంచి అక్కడిదాకా నేను ఒక అబద్ధాన్ని బాగా తయారు చేసుకున్నాను. ఇంజన్ వేడెక్కింది, ఆపేసినాము. అంతే. నురగ సంగతి అడిగితే, గుడ్డల సబ్బు నీళ్లలో పడింది అనొచ్చు.

"ఏంది కాటయ్యా, పడవలో అన్నం వార్చినావా?" అని పైనుంచి నవ్వాడు పెద్దతిమ్మప్పన్న. జీవాలు దాహంతో అరుస్తూ కట్ట దిగుతున్నాయి.

నోరు తెరిచాను. తయారు చేసుకున్నది రాలేదు.

"ఆపన్నా! జీవాలను ఆపు! దింపొద్దు!"

"ఎందుకు?"

"ట్యాంకు కారింది. డీజిల్ పడవలోనే ఉండాదని అనుకుంటాండా. చెరువులోకి పోయిందో లేదో నాకు తెల్దు."

ఆయన నవ్వు ఆగింది. కర్ర అడ్డం పెట్టి కేక వేశాడు. పిల్లా పెద్దా చేతులు చాపి అడ్డం నిలిచారు. దాహం మీదున్న ఆరువందల జీవాలను నీళ్ల ముందు ఆపటం ఎంత పాపమో కాచినవాళ్లకే తెలుస్తుంది. ఆయన చెప్పులు విడిచి మోకాళ్ల దాకా దిగి, నీళ్ల మీద ఎండ పడే వైపు నుంచి చాలాసేపు చూశాడు. రంగులేమీ లేవు. అప్పుడు ఒక ముసలి గొర్రెను మాత్రం వదిలాడు. అది వచ్చి, మూతి దించి, వాసన చూసి, ఆగింది. అది ముక్కు విదిలించి, మూతి ముంచి, తాగింది. తాగుతూనే ఉంది. ఆయన కర్ర ఎత్తాడు. మిగతావన్నీ మా పక్క నుంచి నీళ్లలోకి పరిగెత్తాయి.

నేను పడవలోనే కూర్చుండిపోయాను.

"ఎన్ని దినాల నుంచి తెలుసు నీకు?" అని అడిగాడు.

"పదకొండు."

"మల్లేశప్ప వచ్చింది ఇందుకేనా? ఇంజన్‌కు గ్రీసు పూయనీకె అంటివి."

ఆయన హనుమంతమ్మ చేతుల వైపు చూశాడు. మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"నీళ్ల మీద కనపడితే పడవ ఎత్తేయల్లనుకున్యాము. కనపడలేదు, ఈమె పుణ్యాన. పడవ పెట్టుకో. ఇంజన్ తీసేయి. నూనె వాసన ఉండగూడదు దాంట్లో. ఇంకోటి. రేపట్నుంచి వాన పడేదాకా, జీవాలు దిగే ముందర నువ్వు తాగల్ల."

"ఏంది?"

"ఈ నీళ్లే. అందరి ముందర. నువ్వు తాగినంక జీవాలు తాగుతాయి."

మల్లేశప్ప వచ్చి నేల కోశాడు. ట్యాంకు అడుగు జల్లెడలా ఉంది. నేను సబ్బు పెట్టింది ఒక చిల్లికి. ఇంకో ఆరు, చెయ్యి అందని చోట; తుప్పు పెళ్లలు మూసి ఉంచిన వాటిని ఇంజన్ అదురు తెరిచింది. అతను నవ్వను కూడా లేదు. అదే ఎక్కువ బాధ. ఇప్పుడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మోకు కట్టాం. దాన్ని పట్టి లాక్కుంటూ పోతాను. అరచేతులు బొబ్బలెక్కాయి గానీ పడవ నేరుగా పోతుంది.

ఇక తాగటం. మొదటి రోజు హట్టి మొత్తం చూడటానికొచ్చింది. "చక్కెర వేయల్లనా కాటయ్యా?" అన్నారు. "బయటికి ఉమ్మితే లెక్కలేదు," అన్నారు. తాగాను. ఐదారు రోజులకు వాళ్లకు విసుగొచ్చింది. నేను మాత్రం నోటికి పెట్టుకునే ముందు ప్రతిసారీ నీళ్లను వాసన చూసేవాణ్ని.

పదిహేనో రోజు దోసిట్లో నీళ్లెత్తాను. ముక్కుకు డీజిల్ వాసన తగిలింది. వెనక జీవాలు అరుస్తున్నాయి. ఊరకే తాగేసి సరే అంటే ఎవరూ కనుక్కోలేరు. నీళ్లు వదిలేశాను.

"ఆపండప్పా! వాసనొస్తాంది!"

మళ్లీ అందరూ చేతులు చాపారు. పెద్దతిమ్మప్పన్న దిగొచ్చి నీళ్లు చూశాడు, ఒక గుక్క తాగాడు, నా వైపు తిరిగాడు. అంతలో హనుమంతమ్మ వచ్చి నా చేతులు పట్టుకుని వాసన చూసింది.

"పొద్దున ఏం జేసినావు?"

"పాతసామాన్ల వాడు వస్తానన్నాడు. ఆ ట్యాంకును తుడిచి పెట్టినా."

"ఆ చేతులతోనే ఎత్తితివా? వాసన నీళ్లది కాదు నాయనా, నీదే."

ఆరువందల జీవాలు, ముప్పైమంది మనుషులు నా చేతుల కోసం ఎండలో ఆగారు. నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. పెద్దతిమ్మప్పన్న కూడా కర్ర అడ్డం తీయకుండా, నేను చెప్పేదాకా అట్లే నిలబడ్డాడు.

హనుమంతమ్మ వంగి తన దోసిట్లో నీళ్లెత్తి నా నోటికి పెట్టింది. తాగాను. కొంచెం బురద, కొంచెం పాచి, ఇంకేమీ లేదు.

"వదలండి," అన్నాను.