దాచిపెట్టిన లైన్‌మన్

ఆఖరి సన్నాహక మ్యాచ్‌లో నీరజ్‌ని ఆడించలేదు. హెల్మెట్ చేతిలో పట్టుకుని ఆటంతా గీత బయటే నిలబడ్డాడు. మ్యాచ్‌కి ముందు నార్ఫోక్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లైన్ కోచ్ బార్క్లీ అతని భుజం తట్టి, "నువ్వు చూపించాల్సింది చూపించేశావు. ఇవాళ రెస్ట్ తీసుకో" అన్నాడు.

షాంటిలీలో ఇంటివాళ్లు ఈ మాటని మరోలా అర్థం చేసుకున్నారు. ఇలాంటి మ్యాచ్‌లలో జట్టులో ఖాయమైన పెద్ద ఆటగాళ్లను దెబ్బలు తగలకుండా కూర్చోబెడతారని టీవీ చూసే ప్రతివాడికీ తెలుసు. మనవాణ్ణి కూర్చోబెట్టారు, కాబట్టి మనవాడూ ఖాయమే. ఇంటిపక్క లక్ష్మీపతి ఆ రాత్రే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ప్రకటించేశాడు. నీరజ్ తల్లి శాంతి నలభై మందికి బిర్యానీ ట్రేలు ఆర్డరిచ్చింది.

కూర్చోబెట్టడానికి రెండు కారణాలుంటాయి. కాపాడుకోవడం ఒకటి. దాచిపెట్టడం రెండోది.

ఆగస్టు చివర ప్రతి జట్టూ తొంభై మందిని యాభై మూడుకి కుదించాలి. తీసేసిన కొత్త కుర్రాణ్ణి ఒకరోజు పాటు మిగతా జట్లన్నిటి ముందూ పెడతారు. కావాలన్న జట్టు ఎత్తుకుపోవచ్చు, కానీ తన యాభై మూడులో చోటివ్వాలి. ఎవరూ అడక్కపోతే పాత జట్టే మళ్లీ పిలిచి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో వేసుకుంటుంది. అంటే వారమంతా అసలు జట్టుతో ఢీకొట్టి ఒళ్లు హూనం చేసుకోవాలి, ఆదివారం మామూలు బట్టల్లో నిలబడి చూడాలి. జీతం తక్కువ. ఏ పూటైనా పొమ్మనొచ్చు. పనికొచ్చే కుర్రాణ్ణి ఇలా చవగ్గా ఉంచుకోవాలంటే వాడు పక్క జట్టు కంటపడకూడదు. ఆడించకపోతే వీడియో ఉండదు. వీడియో లేనివాడు ఈ లీగ్‌లో లేనట్టే. దీన్నే వాళ్లు రెస్ట్ అంటారు. దొంగతనానికి దుప్పటి కప్పడమిది.

మంగళవారం మధ్యాహ్నం బార్క్లీ ఆఫీసుకి పిలిచాడు.

"నిన్ను తీసేస్తున్నాం. కంగారు పడకు. రేపు పన్నెండు దాటాక మళ్లీ రా, ప్రాక్టీస్ స్క్వాడ్‌లో చోటుంది. నువ్వంటే మాకు చాలా ఇష్టం."

"అంత ఇష్టమైతే ఎందుకు తీసేస్తున్నారు?"

బార్క్లీ అతని చేతిలోంచి జట్టు ఎత్తుగడలుండే టాబ్లెట్ తీసుకుని తలుపు దాకా వచ్చాడు.

నీరజ్ కారు ఇంటికొచ్చేసరికి బిర్యానీ ట్రేలు గ్యారేజ్‌లో బల్లల మీద పేర్చి ఉన్నాయి. తీసేశారని అతను దారిలో ఫోన్ చేయగానే జనానికి రావద్దని మెసేజ్ పెట్టారు. తండ్రి మోహన్ ఎడిసన్‌లో ప్రాజెక్ట్ మీద ఉన్నాడు, శుక్రవారం గాని రాడు. లక్ష్మీపతి ఒక్కడే ప్లేట్ పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి ఆష్‌బర్న్‌లో ఐటీ కన్సల్టెన్సీ ఉంది. ప్రాజెక్ట్ లేక బెంచ్ మీదున్న కుర్రాళ్ల రెజ్యూమేలు పొద్దున లేవగానే కంపెనీలకి పంపడం ఆయన పని.

నీరజ్ జరిగిందంతా చెప్పాడు. లక్ష్మీపతి ప్లేట్ కింద పెట్టాడు.

"అంటే పిలగాణ్ణి మార్కెట్ చెయ్యకుండ దాసిండ్రన్నట్టు. ఎవడన్న బెంచ్ మీదున్నోణ్ణి పదిమందికి చూపిస్తడు గని, గిట్ల దాస్తడారా?"

"అంకుల్, వాళ్లకి నేను cheap గా కావాలి. అంతే."

"నీ దగ్గర ఏం స్కిల్ ఉన్నది? వేరేటోళ్లకు తెల్వనిది."

నీరజ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నేను గార్డ్ అంకుల్. కానీ సెంటర్ కూడా చేస్తా. అది ఎవరికీ తెలీదు. నార్ఫోక్‌కే తెలుసు."

ఈ ముక్కే అసలు సంగతి. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే లైన్‌మెన్ ఐదుగురు. ఇద్దరు గార్డుల మధ్య నిలబడేవాడు సెంటర్. కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి విసిరి ఆట మొదలుపెట్టేది వాడే. ఆ విసరడమే స్నాప్. మ్యాచ్ రోజు డ్రెస్ వేసుకునే లైన్‌మెన్ మామూలుగా ఎనిమిది మంది. ఐదుగురి చోట్లనీ మిగిలిన ముగ్గురే కాసుకోవాలి. అందుకే ఒక్క చోటే ఆడేవాడు ఆ ముగ్గురిలో దండగ. గార్డూ సెంటరూ రెండూ ఆడేవాడి కోసం, జట్లకి ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌట్లు ఈ వారమంతా ఫోన్లు పట్టుకుని తిరుగుతారు. ముందు తీసేసినవాళ్లలో వెతుకుతారు. తర్వాత మోకాళ్లు అరిగిన పాతకాపుల్ని అడుగుతారు. ఆ తర్వాత ఎవరేం చెప్పినా వింటారు.

"అయితే మెయిల్ కొడదాం. మూడేండ్ల సెంటర్ ఎక్స్‌పీరియన్స్ అని రాస్తా" అన్నాడు లక్ష్మీపతి.

"No, no. I never played it. ఒక్క గేమ్‌లో కూడా."

"ఎవడు చూసొచ్చిండురా? ముందు కాల్ రానీ. పని అక్కడికి పోయినంక నేర్చుకోవచ్చు."

"అన్నయ్యగారూ, ఇది జావా కాదండీ. వీడి మీద ఇంకో మూడొందల పౌండ్లవాడు పడతాడు" అంది శాంతి.

లక్ష్మీపతి సరేనన్నాడు. ఇంటికెళ్లి ఆ రాత్రే జట్లన్నిటికీ మెయిల్ కొట్టాడు, మూడేళ్ల అనుభవం అనే రాసి. ఇరవై ఏళ్లుగా అలాగే రాస్తున్నాడు. ఆ చేతికి ఇంకోలా రాయడం రాదు.

బుధవారం పన్నెండైంది. నీరజ్‌ని ఏ జట్టూ అడగలేదు. పన్నెండున్నరకి బార్క్లీ ఫోన్ చేశాడు. సాయంత్రం ఐదులోగా వచ్చి సంతకం పెట్టమన్నాడు. లేకపోతే చోటు ఇంకొకరిది. నీరజ్ బ్యాగ్ సర్దుకుని మెట్లు దిగుతుంటే మళ్లీ ఫోన్ మోగింది. ఒమాహా జట్టు స్కౌట్. పేరు కార్వర్. నీరజ్ స్పీకర్‌లో పెట్టాడు. లక్ష్మీపతి అప్పటికే వంటింట్లో కాఫీ తాగుతున్నాడు.

"మా రెండో సెంటర్‌కి చీలమండ పోయింది. సెంటర్‌గా మూడేళ్లు ఆడావని ఇక్కడ రాసుంది. నీ కాలేజ్ వీడియోలు చూశాను, అన్నిట్లోనూ గార్డే. ఏ మ్యాచ్‌లో ఆడావు?"

లక్ష్మీపతి చేతులూపుతూ, "స్కూల్ల అని చెప్పు" అన్నాడు గొంతు తగ్గించి.

నీరజ్ ఆయన వంక చూడలేదు. "ఏ మ్యాచ్‌లోనూ ఆడలేదు సర్. ఆ మెయిల్ మా అంకుల్ రాశారు. అది అబద్ధం."

లక్ష్మీపతి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మరి నాతో ఎందుకు మాట్లాడుతున్నావు?"

"క్యాంప్‌లో రోజూ స్నాప్ చేశాను. ఆ వీడియో నార్ఫోక్ ఇవ్వదు. జూన్ సెలవుల్లో మా ఇంటి ముందు డ్రైవ్‌వేలో కూడా రోజూ చేశాను. అది మా డోర్‌బెల్ కెమెరాలో ఉంది."

"డోర్‌బెల్‌లో" అన్నాడు కార్వర్. తర్వాత, "పంపు. ఏరి పంపకు. ఉన్నదంతా పంపు" అన్నాడు.

శాంతి ఫోన్ తీసి యాప్ తెరిచింది. ఆమె చెయ్యి ఆగింది. "వానలో చేసిన రోజు కూడానా? మూడుసార్లు బంతి నా తల మీంచి పోయింది. ఒకటి తగిలింది కూడా."

"అన్నీ పంపమన్నాడు అమ్మా."

పంపింది. కాసేపయ్యాక లక్ష్మీపతి అందుకున్నాడు. "ఇంటర్వ్యూల గిట్ల నిజం చెప్పినోణ్ణి నేనింతవరకు చూడలే. పో, నార్ఫోక్‌కి పో. ఇంకా టైమ్ ఉన్నది."

నార్ఫోక్ మూడు గంటల దారి, ఇప్పుడు కారు స్టార్ట్ చేస్తే ఐదింటికి అందుకోవచ్చు. నీరజ్ తాళాలు చేతిలోనే పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. కార్వర్ మళ్లీ ఫోన్ చేసేసరికి బయల్దేరాల్సిన టైమ్ దాదాపు దాటిపోయింది.

"బంతి పట్టుకుంటున్నావిడ ఎవరు?"

"మా అమ్మ."

"ఆవిడ చేతులు కదలడం లేదు. నువ్వు వెనక్కి చూడకుండానే బంతి ప్రతిసారీ ఒక్కచోటికే వస్తోంది. పొడి బంతి అయితే. వానలో మాత్రం ఘోరం. ఇవాళ ఫ్లైట్ ఎక్కు. పొద్దున టెస్ట్ చేస్తాం. తడి బంతితో. మాటేమీ ఇవ్వను."

ఫోన్ పెట్టేశాక శాంతి కొడుకు పక్కన కూర్చుంది. "వాళ్లు వద్దంటే? నార్ఫోక్‌ది కూడా పోతుంది నాన్నా. ఉన్నది ఎందుకు వదులుకోవడం?"

"అమ్మా, నార్ఫోక్‌లో నేను బాగా ఆడితే ఇంకా బాగా దాస్తారు. అది నాకొద్దు."

శాంతి అతని చేతిలోని తాళాలు తీసుకుంది. డలెస్ ఎయిర్‌పోర్ట్‌కి ఆమే డ్రైవ్ చేసింది. దారిలో బార్క్లీ నుంచి మెసేజ్ వచ్చింది. చోటు నిండింది, ఆల్ ది బెస్ట్. ఇష్టం అంత తొందరగా తీరిపోయింది.

ఒమాహాలో పొద్దున్నే టెస్ట్ పెట్టారు. పక్కన నీళ్ల బకెట్. బంతిని ముంచి ఇచ్చేవాడొకడు, ఎదురుగా మీదకు దూకడానికి వంగినవాడు ఒకడు. మొదటి బంతి జారి నేల మీద దొర్లింది. రెండోది ఎత్తుగా పోయింది. నీరజ్ వేళ్లు బంతి మీది లేసుల కుట్ల నుంచి కొంచెం వెనక్కి జరిపి, మణికట్టు విసురు తగ్గించాడు. మూడోది వెళ్లాల్సిన చోటికే వెళ్లింది. ఎదుటివాడు గుండెల మీద గుద్దాడు. నీరజ్ ఒక అడుగు వెనక్కి పోయి నిలబడ్డాడు. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి. బకెట్ ఖాళీ అయ్యేదాకా చేయించి, కార్వర్ కాగితాల్లో ఏదో రాసుకుని, "ప్రాక్టీస్ స్క్వాడ్ కాదు. యాభై మూడులో. స్నానం చేసి పైకి రా" అన్నాడు.

లాకర్ గదిలో అతనికి చూపించిన చోటు ఇంకా ఖాళీ కాలేదు. బలమైన మనిషి ఒకడు చెత్తసంచిలోకి తన బూట్లు సర్దుకుంటున్నాడు. నీరజ్‌ని చూసి పక్కకి జరిగాడు.

"సెంటర్‌వి నువ్వేనా? నాకు గార్డ్ ఒక్కటే వచ్చు."

నీరజ్ బ్యాగ్ కింద పెట్టాడు. "ఎన్నాళ్లున్నావు ఇక్కడ?"

"మొన్న వేరే జట్టు వదిలేస్తే నిన్న మధ్యాహ్నం వీళ్లు తీసుకున్నారు. రాత్రి ఫ్లైట్‌లో వచ్చాను." అతను నవ్వాడు. "మా ఊళ్లో అందరికీ చెప్పేశారు మావాళ్లు."

నీరజ్ సంచికి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని పార్కింగ్ లాట్ దాకా మోశారు. అతన్ని ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్లడానికి వచ్చిన కారు డిక్కీలో పెట్టాక అతను జేబులోంచి హోటల్ కీ కార్డ్ తీసిచ్చాడు.

"వారానికి బుక్ చేశారు. నీకింకా గది ఇచ్చి ఉండరు. నాలుగో అంతస్తు, లిఫ్ట్ పక్కన. పరుపు మెత్తన, నడుము చూసుకో."

"నీ పేరు?"

అతను చెప్పాడు. కారు వెళ్లిపోయింది. పైన కిటికీలోంచి ఎవరో నీరజ్‌ని రమ్మని చెయ్యి ఊపారు. కార్డ్ జేబులో వేసుకుని సంతకం పెట్టడానికి మెట్లెక్కాడు. ఎక్కుతూనే ఆ పేరు మర్చిపోకుండా ఫోన్‌లో రాసుకున్నాడు. కోచ్‌లు మాత్రం దాన్ని తమ గదిలో ఆటగాళ్ల పేర్లుండే బోర్డు మీద నుంచి అప్పటికే చెరిపేశారు.